కొలిమి వంతు

బిందుప్రియ నిదానంగా నడవడం జంషెడ్‌పూర్‌లో ఎవరూ చూడలేదు. మెట్లు దిగినా పరుగే, కూర తరిగినా పరుగే. స్కూటీకి స్టాండు వేసేలోపే ఒక కాలు గుమ్మంలో ఉంటుంది. టాటానగర్ స్టేషన్లో పాయింట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైన వాళ్ల నాన్న సీతారామరావు, "మా అమ్మి సిగ్నల్ పడకుండానే పుట్టేసింది" అని ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి నవ్వుతాడు. అలాంటి మనిషి లెక్కల ఉద్యోగంలో ఎలా ఇమిడిందా అని పర్సుడీహ్‌లో ఇరుగుపొరుగుకు ఇప్పటికీ ఆశ్చర్యమే. లెక్కలంటే కదలకుండా కూర్చుని చేసే పని అని వాళ్ల నమ్మకం. బిందుప్రియ సంగతి వేరు. ఒక అంకె మీద అనుమానం వచ్చిందంటే కుర్చీలోంచి లేచి, ఆ అంకె ఎక్కడ పుట్టిందో అక్కడికే వెళ్లి చూసి వస్తే గానీ ఆమెకు అన్నం సయించదు.

ఖర్కాయ్ నది దాటి ఆదిత్యపూర్ వెళ్తే అక్కడ సందుకో చిన్న కార్ఖానా. వాటిలో ఒకటి బంగార్రాజుది, బిందుప్రియ లెక్కలు చూసేది అక్కడే. శ్రీకాకుళం వైపు నుంచి తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చి, కాంట్రాక్టు కూలీగా మొదలుపెట్టి, ఒక సుత్తీ ఒక కొలిమీతో సొంత షెడ్డు వేసుకున్న మనిషి. సీతారాండేరాలో ఇల్లు కట్టినా మాటలో యాస మాత్రం మారలేదు. కార్ఖానాలో తెలుగువాళ్లంతా ఆయన్ని మావయ్యా అనే పిలుస్తారు.

ఇప్పుడా కార్ఖానాలో రెండు షెడ్లు. ఒకటి పాత కొలిమి షెడ్డు. రైలు పట్టాల కింద కంకర కుక్కడానికి గ్యాంగ్‌మన్లు వాడే బీటర్లు, గునపాలు అక్కడ తయారవుతాయి. పద్నాలుగు మంది పని. ఇనుము ఎర్రగా కాలుతుంది, కరెంటుతో ఆడే పెద్ద మరసుత్తి ధన్ ధన్‌మంటుంది, పక్క సందులో టీ కొట్టు గ్లాసులు కూడా దానికి తాళం వేస్తాయి. రెండోది మిషన్ షెడ్డు. అద్దాల గది, ఏసీ, కంప్యూటరుతో నడిచే యంత్రాలు. పెద్ద కంపెనీల బండ్లకు పిన్నులు, బుష్‌లు లాంటి చిన్న భాగాలు చేస్తారు. అక్కడ నలుగురే మనుషులు. చొక్కా నలగదు, చప్పుడు ఉండదు. దాన్ని నడిపేది బంగార్రాజు కొడుకు మోహిత్. అప్పు చేసి తండ్రి కొనిచ్చిన యంత్రాలంటే ఆ అబ్బాయికి ప్రాణం.

ఇనుము ఎంత, బొగ్గు ఎంత, కూలి ఎంత అన్నది ఏ వస్తువుకు ఆ వస్తువే చెబుతుంది. అందులో తగవు లేదు. తగవంతా మిగతా ఖర్చులతోనే. కరెంటు, అద్దె, మరమ్మతులు, ఇన్సూరెన్సు, సూపర్‌వైజర్ జీతం, ఇవేవీ ఫలానా బీటరు కోసమనో ఫలానా పిన్ను కోసమనో పేరు రాసుకుని రావు. వీటిని ఎవరి మీద వెయ్యాలి? బంగార్రాజు దగ్గర దానికి బ్రహ్మాండమైన జవాబు ఉంది. బర్మామైన్స్ తెలుగువాళ్ల అమ్మవారి సంబరానికి చందా చూసేది ఆయనే. అక్కడ పద్ధతి తలకింత. ఉన్నవాడూ లేనివాడూ అని లేదు, ఇంట్లో ఎన్ని తలలుంటే అన్ని చందాలు. నీదెక్కువ నాదెక్కువ అన్న మాటే రాకుండా ఇన్నేళ్లు సంబరం జరిపించానని ఆయన గర్వం. అదే పద్ధతి కార్ఖానాకు తెచ్చాడు. ఖర్చంతా పోగేసి, మనిషికింత అని షెడ్లకు పంచేయడమే. పద్నాలుగు మందికి పద్నాలుగు వంతులు, నలుగురికి నాలుగు వంతులు. తిలా పాపం తలా పిడికెడు.

అలా పంచితే ప్రతి నెలా బీటరుకు నష్టం, పిన్నుకు లాభం కనిపించేది. ఏడాదిగా ఇదే వరస. చివరికి ఒకరోజు ఆఫీసు గదిలో మోహిత్ కొలిమి మూసేయమని తేల్చి చెప్పేశాడు.

"పాపా, ఫోర్జింగ్ బంద్ కర్ దో. హర్ మహీనే ఘాటా హై."

బంగార్రాజు మింగలేక కక్కలేక కిటికీలోంచి కొలిమి వైపు చూశాడు. "నానేటి దాన్ని మూసుకోడానికి ఎట్టేనేటిరా? నన్ను మడిసిని సేసింది అదే" అన్నాడు. ఇటు తిరిగి, "సరే. విశ్వకర్మ పూజ అయిపోనీ. ఆఖరి పూజ సేసుకుని ఆర్పేద్దాం. బిందూ, ఆ లెక్క కాయితం మీద సంతకం ఎట్టి ఇయ్యమ్మా, బ్యాంకోళ్లకి సూపించాల" అన్నాడు.

ఆ మాట గోడ దాటడానికి ఎంతసేపు పడుతుంది! టీ వేళకు కొలిమి మేస్త్రీ పోలరాజు ఆఫీసు కిటికీ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. బుర్రమీసాలు, కనుబొమ్మలు సగం కాలిన మొహం. ఎప్పుడూ ఎవర్నీ ఏమీ అడగని మనిషి.

"అమ్మీ, నిజంగా మాది నట్టమేటి?"

"కాయితం అలాగే సెప్తంది మావా."

"ఆర్డర్లు ఆగడం లేదు. రేటు బాగానే ఇత్తన్నారు. ఇనుము ముక్క కూడా నానూరికే పోనివ్వను. మరి డబ్బెటు పోతందమ్మీ?"

బిందుప్రియ ఆ లెక్క కాగితాన్నే మళ్లీ తిరగేసింది. ఆమె సంతకం పడితే ఆ పద్నాలుగు ఇళ్లలో పొయ్యి మీద ఎసరు ఏమవుతుందో ఆమెకు తెలుసు. తెలిసి ఎలా పెడుతుంది? పెట్టకపోతే ఏ కారణం చెబుతుంది? ఆ రాత్రి అన్నం దగ్గర కూడా అంకెలు గొణుక్కుంటుంటే, రైల్వే క్యారేజ్ షెడ్డులో పనిచేసే భర్త హరిప్రసాద్ పళ్లెం ముందుకు జరిపి, "ముందు తిను, తర్వాత భాగించుకో" అన్నాడు. కాగితం మీద కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆమెకు ఒళ్లు మండింది అందుకే.

ఆ ఆదివారమే బర్మామైన్స్‌లో సంబరం మీటింగు. అమ్మవారి గుడి ముందు పట్టాలు పరిచారు. బంగార్రాజు చందా సంగతి ఎత్తగానే కుర్రకారు లేచి ఈసారి డీజే పెట్టాల్సిందేనన్నారు, ఖర్చు అందరి మీదా వేసేయమన్నారు. అప్పుడు లేచింది సింహాచలమ్మ. గుడి ఎదురుగా ఇడ్లీ కొట్టు నడిపే ఆమె నోటికి స్టేషన్ మైకు చాలదు.

"ఒలమ్మా! ఘటాలెత్తడానికి అడగండి, ఇత్తాను. సంతర్పణకి అడగండి, ఇత్తాను. మీ డీజేకి నానెందుకియ్యాల? నా కొట్టు కాడ ఎట్టి నా సెవులు బద్దలుగొట్టి, దానికి నాకాడే డబ్బులేటి?"

నవ్వులు, ఈలలు. బంగార్రాజు చెయ్యెత్తి అందరినీ ఆపాడు. పెద్దమనిషి తీర్పు ఠక్కున వచ్చింది. "సింహాచలప్ప సెప్పిందే నాయం. అమ్మోరి పని అందరిదీ, అది అందరూ ఎయ్యండి. డీజే ఎవలు కోరుకున్నారో ఆలే ఎట్టుకోండి. ఒకల సరదా ఇంకొకల మీద రుద్దడం తప్పు."

"అదీ!"

కేక పెట్టింది బిందుప్రియ. పట్టా మీద అందరూ ఇటు తిరిగారు. ఆమె అప్పటికే లేచి నిలబడింది. మీటింగు మధ్యలోనే, మనుషుల మీదుగా దాటుకుంటూ వెళ్లి, బంగార్రాజును గుడి పక్కకు లాక్కుపోయింది.

"మావయ్యా, ఇప్పుడు మీరు సెప్పిన నాయం మన కార్ఖానాలో ఎందుకు లేదు?"

"కార్ఖానాలో డీజే ఎవడే?"

"అదే తెలీదు మావయ్యా! అదే తేల్చాల! ఎవల కోసం ఎంత ఖర్చయిందో సూడకుండా తలకింత ఏసేత్తన్నాం. పద్నాలుగు తలలున్నాయని కొలిమి మీద పడేత్తన్నాం. విశ్వకర్మ పూజ దాకా నాకు టైమియ్యండి. షెడ్డుకి షెడ్డు ఇడగొట్టి, ఎవల వంతు ఆలకి రాసి సూపిత్తాను."

బంగార్రాజు ఆమె మొహంలోకి చూసి నవ్వాడు. "నీకెందుకే ఇంత ఆత్రం? అంత పెద్ద సుత్తి ఆడేది కొలిమిలోనే గదా, అదే కరెంటు ఎక్కువ తింటాది. సరేలే, సూడు."

మర్నాటి నుంచి బిందుప్రియ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఏ బిల్లు చేతికొచ్చినా దాన్ని ఒకటే ప్రశ్న అడిగేది, నువ్వు ఎవరి కోసం వచ్చావు అని. మరమ్మతు బిల్లు చూస్తే కలకత్తా నుంచి ఇంజనీరు వచ్చి, హోటల్లో దిగి, కంప్యూటరు యంత్రానికి ఏదో బోర్డు మార్చి వెళ్లాడు. అది మిషన్ షెడ్డుదే. సూపర్‌వైజర్‌ను అడిగితే రోజులో సగానికి పైగా పిన్నుల కొలతలు చూడడంతోనే సరిపోతుందన్నాడు. అందులోనూ ఎక్కువ వంతు మిషన్ షెడ్డుదే. ఆమెకు గాల్లో తేలినట్టుంది. కొలిమి బతికినట్టేనని లోపల్లోపల ఎగిరింది.

అద్దె దగ్గరకొచ్చేసరికి ఆ ఎగురు కాస్త ఆగింది. అద్దె అంటే జాగాను బట్టే పంచాలి. టేపు పట్టుకుని కొలిస్తే, బొగ్గు గుట్ట, ఇనుము రాశి, చల్లార్చే తొట్టి కలుపుకుని కొలిమి జాగానే పెద్దది. టేపు రెండో కొస పట్టుకున్న మోహిత్ నవ్విన నవ్వు చూస్తే ఆమెకు టేపుతోనే ఒకటి ఇవ్వాలనిపించింది. ఇన్సూరెన్సు ఇంకా ఘోరం. నిప్పు ఉన్న చోటికి ప్రీమియం ఎక్కువ. పొగ గొట్టానికి కట్టే రుసుం కూడా కొలిమిదే. బిందుప్రియ పెన్ను పట్టుకుని ఆగిపోయింది. దాన్ని సగం సగం వేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చిన సంగతి మొహంలో కనిపించిందేమో, పోలరాజు దగ్గరకొచ్చాడు.

"రాయమ్మీ. నిప్పు మాదే గదా. మాది మాకు రాయి. మాది కానిదే రాయకు."

ఆమెకు సిగ్గేసింది. రాసింది.

ఇక మిగిలింది కరెంటు. మిగతా ఖర్చులన్నిటినీ మింగేసేంత బిల్లు అది. తూకం ఎటు మొగ్గినా దానితోనే మొగ్గాలి. వచ్చిన చిక్కల్లా కార్ఖానా మొత్తానికి ఒకటే మీటరు ఉండడం. మరసుత్తి చప్పుడు విన్న ఎవరైనా కరెంటు తినేది అదేనంటారు. బిందుప్రియకే నమ్మకం సగం సడలింది. అప్పుడు తట్టింది ఆమెకు. ఆదివారం కార్ఖానాకు సెలవు. ముందు ఒక షెడ్డే నడిపి, తర్వాత ఇంకోటి నడిపి, మీటరు ముందు నిలబడి చూస్తే?

సెలవు రోజున ఎవరొస్తారులే అనుకుంది. అందరూ వచ్చారు! కొలిమి పద్నాలుగు మందీ వచ్చారు, మిషన్ షెడ్డు నలుగురూ వచ్చారు, పోలరాజు భార్య క్యారియర్లో పులిహోర పట్టుకొచ్చింది. గేటు కాపలావాడు కుర్చీ తెచ్చి మీటరు ముందు వేసి తనే కూర్చున్నాడు. మీటరు మీద చిన్న ఎర్ర దీపం ఉంటుంది. కరెంటు ఖర్చయ్యే కొద్దీ మిణుకు మిణుకుమంటుంది. ఎంత ఎక్కువ ఖర్చయితే అంత తొందరగా మిణుకుతుంది.

"దేఖ్‌నా దీదీ, హామర్ చలేగా తో యే బత్తీ పాగల్ హో జాయేగీ" అన్నాడు మోహిత్. సుత్తి ఆడితే దీపానికి పిచ్చెక్కుతుందట.

ముందు కొలిమి. గాలి కొట్టే బ్లోయరు వేశారు. నిప్పు లేచింది. పోలరాజు ఎర్రటి ఇనుము తెచ్చి సుత్తి కింద పెట్టాడు. ధన్! ధన్! నేల అదిరింది. మీటరు ముందు అందరూ మెడలు సాచారు. దీపం వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది. మధ్యలో ఊపిరి తీసి వదిలేంత వ్యవధి. ఎవరో బయటికే లెక్కపెట్టడం మొదలెట్టారు. ఇక అందరూ అందుకున్నారు, చిన్నపిల్లల్లా. సుత్తి ఆ అదురు అదురుతుంటే దీపం మాత్రం తీరిగ్గా కునుకు తీస్తూ మిణుకుతోంది.  సుత్తిది చప్పుడే పెద్దది, మోటారు చిన్నది, ఆడేది కూడా ఇనుము కాలినప్పుడే, మిగతా సేపంతా దానికి విశ్రాంతేనన్న సంగతి అన్నేళ్లూ ఎవరికీ తట్టలేదు.

"ఆపండి! ఇప్పుడు మిషన్లు!" అని బిందుప్రియ అరిచింది.

కొలిమి ఆగింది. నిశ్శబ్దం. అద్దాల గదిలో ఏసీ వేశారు. కంప్రెసర్ వేశారు. నూనె చల్లార్చే యంత్రం వేశారు. ఒక్కో కంప్యూటరు యంత్రం మెల్లగా మేలుకుంది. బయటికి వినిపించింది సన్నటి ఝుమ్మనే నాదం, అంతే. పెళ్లిలో మూల కూర్చుని మాట్లాడకుండా భోంచేసేవాడే నాలుగు లడ్లు ఎక్కువ లాగిస్తాడు, చూసే ఉంటారు. మీటరు మీద దీపం టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. లెక్కపెట్టేవాళ్ల నాలుకలు తడబడ్డాయి. ఇంకాస్సేపటికి మిణుకే కనబడడం మానేసింది.

"ఆరిపోనాదేటి?" అన్నాడు వెనక నిలబడ్డ ఒకడు.

"ఆరిపోవడం కాదురా, ఆరడానికి ఖాళీ దొరకడం లేదు!" అని బిందుప్రియ చప్పట్లు కొట్టింది, గెంతింది కూడా. కొలిమివాళ్లు ఒక్కసారిగా కేకేశారు. కాపలావాడు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. బంగార్రాజు మాత్రం కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, మీటరు దగ్గరగా మొహం పెట్టి చూస్తూ ఉండిపోయాడు.

మోహిత్ మొహం వాడిపోయింది. అయినా పారిపోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఫోనుతో దీపాన్ని వీడియో తీసి, నెమ్మదిగా తిప్పి, మిణుకులన్నీ తనే లెక్కపెట్టి బిందుప్రియకు చెప్పాడు. ఆమె అనుకున్న దానికన్నా అది ఎక్కువే. "గలత్ నహీ లిఖ్‌నా దీదీ" అన్నాడు. తప్పు మాత్రం రాయొద్దన్నాడు.

విశ్వకర్మ పూజకు రెండ్రోజుల ముందు లెక్క తేలింది. ఏ షెడ్డు ఖర్చు ఆ షెడ్డుకు పోగేసింది. కొలిమిలో పని చేతులది కాబట్టి ఖర్చును మనుషులు పనిచేసిన గంటల మీద పంచింది. మిషన్ షెడ్డులో పని యంత్రాలది కాబట్టి యంత్రం నడిచిన గంటల మీద పంచింది. తర్వాత ఒక్కో వస్తువు ఎన్ని గంటలు తింటుందో చూసి దాని నెత్తిన అంత వేసింది. బీటరు అంకె రాగానే ఆమె కేక విని టీ కుర్రాడు గ్లాసు వదిలేశాడు. లాభం! మామూలు లాభం కూడా కాదు, కార్ఖానాను నిలబెడుతున్నదే ఆ లాభం. పిన్ను అమ్మిన కొద్దీ డబ్బు పోతోంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టుంది అద్దాల గది పరిస్థితి.

అంతటితో లేచి పరిగెత్తేదే. కానీ గునపం అంకె ఇంకా మిగిలి ఉంది. దాన్ని వేసింది. నష్టం. తప్పేమోనని మళ్లీ వేసింది. నష్టమే. పొడుగు ఇనుము, మళ్లీ మళ్లీ కాల్చాలి, మళ్లీ మళ్లీ సాగగొట్టాలి, మనుషుల గంటలు తెగ తింటుంది. అద్దె, నిప్పు ఇన్సూరెన్సు అన్నీ ఆ గంటల వెంటే వచ్చి దాని మీద కూర్చున్నాయి. గునపమంటే పోలరాజుకు ప్రాణం. తండ్రి దగ్గర నేర్చుకున్న మొదటి పని అది. బీటరుతో కలిపి ఒకటే వరసలో చూపిస్తే ఎవరికీ కనబడదు. కొలిమి మొత్తం మీద లాభమే కదా. బిందుప్రియ కాగితం వైపు చూస్తూ, జన్మలో మొదటిసారి కాస్సేపు కదలకుండా కూర్చుంది. తర్వాత లేచి, రెంటినీ విడివిడిగానే రాసి, కొలిమి షెడ్డుకు నడిచింది.

బంగార్రాజు, మోహిత్ అక్కడే ఉన్నారు. సుత్తి ఆపించి అంతా చదివింది. కొలిమి మూయనక్కర్లేదు అన్న మాట దగ్గర ఈలలు మోగాయి, ఎవరో ఎవర్నో ఎత్తేశారు. బంగార్రాజు అందరి ముందూ తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. "అందరికీ సమానంగా పంచేననుకున్నాన్రా. సమానంగా ఏసి, అన్నాయం సేసేను" అన్నాడు.

పోలరాజు ఒక్కడే నవ్వలేదు.

"అయితే ఇన్నాళ్లూ ఆ ఏసీ గది కరెంటు మేవు కట్టినామేటి?"

 మోహిత్ నేల చూపులు చూశాడు. చివరికి, "హా కాకా" అన్నాడు, వినీ వినపడకుండా.

పోలరాజు ఆ కుర్రవాడి భుజం మీద మసి చెయ్యి వేశాడు. తెల్ల చొక్కా మీద అయిదు వేళ్లూ పడ్డాయి. "పోన్లే. ఇంట్లో గుంటడి సదువుకి ఎట్టుకున్నామనుకుంటాం. ఇకమీదట పిన్ను రేటు సరిగ్గా అడుగు" అన్నాడు.

"మావా, ఇంకోటుంది" అంది బిందుప్రియ.  గునపం సంగతి చెప్పింది. ఎందుకు నష్టమో, ఏ గంట ఎక్కడ పోతోందో, ఒక్కటీ దాచకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన ఆమె మొహాన్నే చూశాడు.

"ఇది నిజం నట్టమేనా అమ్మీ? ఎవలదో తెచ్చి నా నెత్తి మీద ఎట్టింది కాదు గదా?"

"నీదే మావా. మొత్తం నీదే."

పోలరాజు తల ఊపాడు. నిప్పులో సగం కాలుతున్న గునపాన్ని పటకారుతో బయటికి తీసి, పక్కన ఇసుకలో పెట్టాడు.

"అబద్దం నట్టానికి ఆర్పేత్తారంటే నిద్దర పట్టలేదమ్మీ. నిజం నట్టానికి నానే ఆపేత్తాను. దానికి బాధ లేదు" అన్నాడు. తన వాళ్ల వైపు తిరిగి, "ఒరే, ఏటి సూత్తన్నారు? బీటరు ఇనుం ఎట్టండి, బ్లోయరు ఎయ్యండి" అన్నాడు.

నిప్పు భగ్గుమంది. బిందుప్రియకు ఆనందంతో, ఇంకా చాలా వాటితో ఏడుపొచ్చేసింది. కొలిమి పొగ కళ్ల ముందే ఉన్నా ఆ కన్నీళ్ల నెపం దాని మీదకు నెట్టకుండా, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది.